కంప్యూటరు పెట్టెలో తీగల పొందిక

కంప్యూటరు కొన్నవాణ్ణి మనం ఏమడుగుతాం? ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు వుందా లేదా – ఇంతే. ‘‘లోపల వైర్లు ఎలా సర్దావు?’’ అని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. పెళ్ళికి వెళ్ళినవాళ్ళం భోజనం బాగుందో లేదో చెబుతాం గాని, గాడిపొయ్యి దగ్గరికి వెళ్ళి చూసి రాము కదా! ఇదీ అలాంటిదే.

కాని విడిభాగాలు కొని తెచ్చుకొని, సొంతంగా డెస్క్‌టాప్ బిగించుకునే విద్యార్థులు మన కాలేజీల్లో తక్కువేమీ కాదు. సికింద్రాబాదు పార్క్ లేన్‌లో వున్న చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్తే, చేతిలో చీటీ పట్టుకొని కొట్టు కొట్టుకూ తిరిగే కుర్రాళ్ళు కనిపిస్తూనే వుంటారు. ప్రాసెసర్ ధర వాళ్ళకు కంఠతా వస్తుంది. పెట్టె బిగించడం మొదలయ్యాక మాత్రం, చివరి అరగంటలో, మిగిలిపోయిన వైర్ల గుత్తిని ఎక్కడ సందు దొరికితే అక్కడ కుక్కి మూత వేస్తారు. పని చేస్తోంది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు.

ఇంకేం కావాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. తీగలు ఎందుకు సర్దాలి, ఎలా సర్దాలి, సర్దుతున్నామనుకుంటూ ఏ పొరపాట్లు చేస్తుంటారు – ఈ మూడు విషయాలూ నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను. నేను చదువుతున్నది బి.యస్సీ.; పుట్టి పెరిగింది వ్యవసాయం ఇంట్లో. కాబట్టి పోలికలు కొన్ని పొలం నుంచి వస్తే పాఠకులు మన్నించాలి.

ఏ తీగ ఎక్కడికి?

ముందుగా పెట్టెలో వుండే తీగల్ని పరిచయం చేసుకుందాం. వీటన్నిటికీ పుట్టిల్లు మనవాళ్ళు ఎస్సెంపీయెస్ అని పిలిచే సరఫరా డబ్బా. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏ.సి. విద్యుత్తును ఇది 12, 5, 3.3 వోల్టుల డి.సి.గా మార్చి పంచుతుంది. చెరువు తూము నుంచి కాలువలు చీలినట్టు దీని నుంచి తీగలు చీలుతాయి. అన్నిటికంటే లావుపాటిది మదర్ బోర్డుకు వెళ్ళే 24 పిన్నుల తీగ. ప్రాసెసర్ కోసం ప్రత్యేకంగా 8 పిన్నుల తీగ ఒకటి మదర్ బోర్డు పైమూలకు వెళ్తుంది. గ్రాఫిక్స్ కార్డు వుంటే దానికి 6 గాని 8 గాని పిన్నుల తీగ. హార్డ్ డిస్కులకు 15 పిన్నుల సాటా పవర్ తీగ.

ఇవి కాక, విద్యుత్తు కోసం కాకుండా సమాచారం కోసం వుండే తీగలున్నాయి. డిస్కు నుంచి మదర్ బోర్డుకు 7 పిన్నుల సాటా తీగ. ముందు వైపు యూయెస్‌బీ రంధ్రాలకు 19 పిన్నుల మందపాటి తీగ. స్విచ్చికీ, రీసెట్‌కూ, చిన్న దీపాలకూ వెళ్ళే సన్నటి దారాల్లాంటి తీగలు. ఫ్యాన్లకు మూడో నాలుగో పిన్నుల తీగలు. ఇన్ని వున్నాయని తెలియక కాదు, ఇన్ని వున్నాయని లెక్కపెట్టుకోకపోవడం వల్లనే చివర్లో చిక్కు వస్తుంది.

రంగులకు కూడా ఒక పద్ధతి వుంది. పాత తరహా ఎస్సెంపీయెస్‌లో పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, నారింజ 3.3 వోల్టులు, నలుపు గ్రౌండు. ఆకుపచ్చ తీగ యంత్రాన్ని నిద్ర లేపేది. ఇప్పుడొస్తున్న చాలా ఎస్సెంపీయెస్‌లలో అన్ని తీగలూ నల్లగానే వుంటున్నాయి. అద్దంలోంచి చూడ్డానికి బాగానే వుంటుంది గాని, రంగు చూసి తీగను గుర్తుపట్టే సదుపాయం పోయింది. అందువల్ల పొందికగా అమర్చవలసిన అవసరం ఇదివరకటికంటే ఇప్పుడే ఎక్కువైంది.

కొంచెం చరిత్ర

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో మదర్ బోర్డుకు కరెంటు ఇవ్వడానికి ఆరేసి పిన్నుల ప్లగ్గులు రెండు, పక్కపక్కన వుండేవి. రెండూ చూడ్డానికి ఒకటే. ఒకదాని స్థానంలో ఇంకొకటి గుచ్చితే బోర్డు కాలిపోయే ప్రమాదం. అందుకని ‘నలుపు పక్కన నలుపు’ అనే సూత్రాన్ని ఆనాటి మెకానిక్కులు జపంలా వల్లె వేసేవారు. రెండు ప్లగ్గుల నల్ల తీగలూ మధ్యలో కలిసేటట్టు పెడితే సరైనట్టు లెక్క. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీయెక్స్ అనే కొత్త ప్రమాణాన్ని తెచ్చి, రెండు ప్లగ్గుల స్థానంలో తిరగేసి పెట్టడానికి వీల్లేని ఒకే 20 పిన్నుల ప్లగ్గు పెట్టింది. 2003లో అది 24 పిన్నులైంది.

డిస్కుల సంగతి కూడా ఇలాగే మారింది. పూర్వం డిస్కుకు రెండంగుళాల వెడల్పున్న బద్దీలాంటి తీగ వుండేది. మొదట్లో అందులో 40 తీగలు. వేగం పెరిగినప్పుడు ఒక తీగలోని సంకేతం పక్క తీగలోకి పాకకుండా మధ్య మధ్య గ్రౌండు తీగలు చేర్చి 80 చేశారు. దాని పొడవు 18 అంగుళాలు మించరాదని నియమం. ఆ బద్దీ ఫ్యాను ముందు అడ్డంగా వేలాడితే గాలికి తెర కట్టినట్టే. 2003లో సాటా ప్రమాణం వచ్చి, ఆ బద్దీని ఏడు పిన్నుల సన్నని తీగగా మార్చింది. ఒక మీటరు వరకు పొడవుకు అనుమతి వుంది. ఇప్పుడు ఎం.2 తరహా డిస్కులు నేరుగా మదర్ బోర్డు మీదనే బిగుస్తున్నాయి. వాటికి తీగలే లేవు. లేని తీగకు చిక్కు పడదు! కొత్తగా పెట్టె బిగించేవారు మొదట ఆలోచించవలసింది ఇదే – ఏ తీగ లేకుండా పని జరుగుతుంది?

ఎందుకు సర్దాలి?

‘‘గాలి బాగా ఆడి పెట్టె చల్లగా వుంటుంది’’ అని అందరూ చెప్పే కారణం. ఇందులో నిజం వుంది గాని, చెప్పినంత లేదు. ఆ బద్దీ తీగల కాలంలో ఇది పెద్ద కారణమే. నేటి పెట్టెల్లో ఎస్సెంపీయెస్ కింద వుంటుంది, మదర్ బోర్డు వెనక తీగలు పోవడానికి ఖాళీ వుంటుంది. ఇలాంటి పెట్టెలో తీగలు కాస్త అటూ ఇటూ వున్నంత మాత్రాన వేడిలో పెద్ద తేడా రాదు. గాలి లోపలికి వచ్చే ఫ్యాను ఎదుట గుత్తిగా అడ్డం పడితే మాత్రం తప్పకుండా తేడా వస్తుంది. కాబట్టి చల్లదనం కోసం చేయవలసింది ఒక్కటే: గాలి దారిలో తీగ వుండకూడదు. మడికి వెళ్ళే బోదెలో గడ్డి పెరగకుండా చూసుకున్నట్టే.

అసలైన కారణాలు వేరే వున్నాయి. మొదటిది, తిరిగే ఫ్యానుకు తీగ తగలకుండా వుండడం. ఇది ఎంత చిన్న విషయమో అంత పెద్ద నష్టం తెస్తుంది. మా మామయ్య ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకొని, ఒక కంప్యూటరూ ఒక ప్రింటరూ పెట్టుకొని, ఊరివాళ్ళకు దరఖాస్తులు నింపిపెట్టే పని చేస్తాడు. స్కాలర్‌షిప్పు దరఖాస్తుల ఆఖరి వారంలో ఆ యంత్రం మొండికేసింది. ఆన్ చేసిన పది నిమిషాలకు దానంతట అదే ఆరిపోతోంది. టౌనులో ఒక కొట్టువాళ్ళు పరీక్ష చేసి, మదర్ బోర్డు మార్చాలన్నారు. చెప్పిన రేటు ఎకరం పత్తికి పెట్టుబడంత వుంది. ‘‘బోర్డు పోయిందంట అల్లుడూ, ఇంక కొత్తది కొనుడో దుకాణం మూసుడో’’ అన్నాడు మామయ్య.

ఆ ఆదివారం నేనూ, మా హాస్టలు మిత్రుడూ వెళ్ళి మూత విప్పి చూశాం. ముందు దీపానికి వెళ్ళే సన్నటి తీగ జారి ప్రాసెసర్ ఫ్యాను రెక్కల మధ్య ఇరుక్కుంది. ఫ్యాను తిరగడం లేదు. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి యంత్రాన్ని ఆపేస్తోంది – అది అలా ఆపుకునేటట్టే తయారైంది. తీగను బయటికి తీసి, పెట్టె అంచుకు మూరెడు నూలు దారంతో కట్టాం. బోర్డు ఏమీ పోలేదు. సోమవారం పొద్దున్నే దరఖాస్తుల పని మొదలైంది. ఆ వారం ఆ గది ముందు నిలబడిన పిల్లలకు ఆ సన్నటి తీగే స్కాలర్‌షిప్పుకు అడ్డుకట్ట అయివుండేది. ఊరికి ఒక్క కంప్యూటరు వున్నచోట తీగ సర్దడం అందానికి సంబంధించిన సంగతి కాదని నాకు అక్కడ అర్థమైంది.

రెండవ కారణం, ప్లగ్గు గట్టిగా కూర్చోవడం. తీగ పొట్టిదై లాగిపట్టి వున్నా, వేలాడుతూ దాని బరువు ప్లగ్గు మీద పడుతున్నా, పిన్ను కొద్దికొద్దిగా వదులవుతుంది. గొడ్డును కట్టేటప్పుడు పలుపు మరీ బిగువుగా కడతామా? తల తిప్పుకోవడానికి కొంత వదులు వుంచుతాం. తీగకూ అంతే, ప్లగ్గు దగ్గర కొంచెం వదులు, ఆ తర్వాత ఒక కట్టు.

మూడవ కారణం అన్నిటికంటే ముఖ్యమైనది. పెట్టెను బిగించినవాడు ఒకసారి బిగిస్తాడు. ఆ తర్వాత దాన్ని విప్పేవాళ్ళు ఎందరో. డిస్కు మార్చాలి, ర్యామ్ చేర్చాలి, దుమ్ము దులపాలి. ఒక తీగను పట్టుకుంటే అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియాలి. తెలియనప్పుడు ఎవరూ చెయ్యి పెట్టరు. చిన్న లోపంతో ఆగిన యంత్రం గుడ్డ కప్పుకొని మూలన పడివుంటుంది.

చిన్న పిన్ను, పెద్ద కరెంటు

ప్లగ్గు వదులైతే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. మనం చదివే భౌతికశాస్త్రమే చాలు. 2022లో పెద్ద గ్రాఫిక్స్ కార్డుల కోసం 16 పిన్నుల కొత్త ప్లగ్గు ఒకటి వాడకంలోకి వచ్చింది. దాని ద్వారా 600 వాట్ల వరకు పంపవచ్చు. 600ను 12 వోల్టులతో భాగిస్తే 50 ఆంపియర్లు. ఈ కరెంటును మోసేవి ఆరు పిన్నులు. అంటే ఒక్కో పిన్నుకు సుమారు 8.3 ఆంపియర్లు. మా పొలంలో 5 హార్స్ పవర్ మూడు ఫేజుల మోటారు నిండు బరువు మీద ఒక్కో ఫేజులో తీసుకునేది 7, 8 ఆంపియర్లే! మోటారుకు వాడే తీగ మందం మనకు తెలుసు. ఇక్కడ అదే కరెంటు అగ్గిపుల్లకంటే సన్నటి పిన్ను గుండా పోతోంది.

ఇప్పుడు ప్లగ్గు సరిగా కూర్చోక రెండు పిన్నులు తగలలేదనుకుందాం. మిగిలిన నాలుగూ 12.5 ఆంపియర్ల చొప్పున మోయాలి. కరెంటు ఒకటిన్నర రెట్లయింది. కాని పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి వుంటుంది కదా. ఒకటిన్నరను ఒకటిన్నరతో గుణిస్తే 2.25. అంటే ఒక్కో పిన్ను దగ్గర వేడి రెండింతలకు పైమాటే. పైగా అరకొరగా తగిలే చోట నిరోధం పెరుగుతుంది, దానివల్ల వేడి మరింత పెరుగుతుంది. చివరికి ప్లాస్టిక్ కరుగుతుంది.

ఇది వట్టి కాగితం లెక్క కాదు. 2022 అక్టోబరులో ఎన్విడియా ఆర్టీయెక్స్ 4090 కార్డుల దగ్గర ఈ ప్లగ్గులు కరిగినట్లు వార్తలు వచ్చాయి. ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగకపోవడం తరచుగా కనబడిన కారణమని ఆ సంస్థ 2022 నవంబరులో చెప్పింది. 2023లో ప్లగ్గు నమూనాను సవరించారు. కరెంటు ఇవ్వమని సంకేతం పంపే చిన్న పిన్నుల పొడవు తగ్గించడంతో, పూర్తిగా దిగితే గాని అవి తగలవు. అయినా ఆ తర్వాత కూడా ఇలాంటి ఫిర్యాదులు పూర్తిగా ఆగలేదు. మనం నేర్చుకోవలసింది ఏమంటే – ప్లగ్గు చప్పుడయ్యేదాకా లోపలికి నొక్కాలి. ప్లగ్గు పక్కనే తీగను వంచకూడదు. మూడు, నాలుగు సెంటీమీటర్లు తిన్నగా పోనిచ్చి ఆ తర్వాతనే వంచాలి.

ఎలా సర్దాలి?

ఇక అసలు పనిలోకి వద్దాం. పని మొదలుపెట్టే ముందు గోడ ప్లగ్గు తీసేయాలి. తీశాక పవర్ బటన్ ఒకసారి నొక్కితే లోపల మిగిలిన చార్జి చాలావరకు పోతుంది. ఎస్సెంపీయెస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పరాదు. ప్లగ్గు తీసినా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జి నిలిచివుండవచ్చు. పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుంటే మన ఒంటిలోని స్థిర విద్యుత్తు పోతుంది.

మొదటి మెట్టు: లెక్క. వున్న భాగాలకు ఎన్ని తీగలు కావాలో కాగితం మీద రాసుకోవాలి. తీగలు విడదీసే వీలున్న ఎస్సెంపీయెస్ అయితే అవసరమైనవే తగిలించి, మిగిలినవి దాని అట్టపెట్టెలోనే దాచాలి.

రెండవ మెట్టు: దారి. పెట్టె వెనక పలక విప్పి చూస్తే, మదర్ బోర్డు బిగించే రేకుకూ ఆ పలకకూ మధ్య రెండు, మూడు సెంటీమీటర్ల ఖాళీ వుంటుంది. రేకుకు అక్కడక్కడ కంతలు, కట్టు వేయడానికి కొక్కేలు వుంటాయి. ఏ తీగ ఏ కంత గుండా రావాలో ముందే నిర్ణయించుకోవాలి. ప్లగ్గుకు దగ్గరగా వున్న కంతే దానికి సరైన కంత.

మూడవ మెట్టు: వరస. ప్రాసెసర్‌కు వెళ్ళే 8 పిన్నుల తీగ పైమూల ఇరుకు కంత గుండా రావాలి. మదర్ బోర్డు బిగించాక ఆ కంతలో చెయ్యి పట్టదు. అందుకని బోర్డు పెట్టకముందే ఆ తీగను కంతలోంచి దూర్చి వుంచాలి. తర్వాత బోర్డు, ఆ తర్వాత 24 పిన్నుల తీగ, డిస్కుల తీగలు, ముందు వైపు సన్న తీగలు, ఫ్యాన్ల తీగలు. గ్రాఫిక్స్ కార్డు ఆఖర్న. అది ముందే బిగిస్తే కింద పిన్నులన్నీ దాని చాటున పడతాయి.

నాలుగవ మెట్టు: పరీక్ష. ఒక్క కట్టు కూడా వేయకముందే యంత్రాన్ని ఆన్ చేసి చూడాలి. డిస్కులన్నీ కనిపిస్తున్నాయా, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయా? అంతా బాగుంటే ఆపి, ప్లగ్గు తీసి, అప్పుడు కట్టాలి.

ఐదవ మెట్టు: కట్టు. లావు తీగలను ముందు కట్టి, సన్నవాటిని వాటి పక్కన చేర్చాలి. అంటుకొని విడివడే వెల్క్రో పట్టీలు అన్నిటికంటే మేలు. ఎన్నిసార్లయినా విప్పి మళ్ళీ కట్టవచ్చు. ప్లాస్టిక్ ట్యాగులు వాడితే వేలితో తీగ కొంచెం కదిలేంత వదులుగా వేసి, తోకను మొదలంటా కత్తిరించాలి. కొస మిగిలితే బ్లేడులా చేతిని కోస్తుంది. ఏదీ లేకపోతే మా మామయ్య పెట్టెలో కట్టినట్టు నూలు దారమూ పనికొస్తుంది.

ఆరవ మెట్టు: మూత. వెనక పలక సులువుగా మూయడానికి రావాలి. మోకాలితో నొక్కి మూయవలసి వస్తే లోపల ఏదో తీగ నలుగుతున్నట్టే. వెనక వాడని కార్డు సందులకు రేకులు బిగించడం మరిచిపోవద్దు. మన ఊళ్ళలో ఆ సందుల గుండా బల్లులూ, చిట్టెలుకలూ వెచ్చదనం వెతుక్కుంటూ వస్తాయి. తీగల మీది ప్లాస్టిక్ ఎలుకకు ఎంత ఇష్టమో రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. చివరగా, గోడ ప్లగ్గుకు ఎర్తు వుండాలి. ఎర్తు లేని హాస్టలు గదుల్లో పెట్టె ముట్టుకుంటే జిల్లుమనడం చాలామందికి అనుభవమే.

సర్దడం వేరు, దాచడం వేరు

ఇప్పుడు పక్క మూత అద్దంతో వచ్చే పెట్టెలు ఎక్కువయ్యాయి. దాంతో తీగల మీద శ్రద్ధ పెరిగింది, సంతోషమే. కాని ఆ శ్రద్ధ కనబడే వైపుకే పరిమితమవుతోంది. ముందు వైపు అద్దంలోంచి చూస్తే గుడి ముందు ముగ్గులా వుంటుంది. వెనక పలక విప్పితే తిరునాళ్ళ మర్నాటి మైదానంలా వుంటుంది. చిక్కును ఇవతలి నుంచి అవతలికి తోస్తే చిక్కు విడిపోదు. అది దాచడం.

అందం కోసం చేసే పనులు కొన్ని అపాయకరం కూడా. తీగలు ఎక్కువ కనబడకూడదని ఒకే తీగకు వున్న రెండు తలలను గ్రాఫిక్స్ కార్డు రెండు ప్లగ్గుల్లోనూ పెడతారు. 8 పిన్నుల ప్లగ్గు ఒక్కోటి 150 వాట్ల కోసం. రెండు ప్లగ్గుల బరువూ ఒకే తీగ మీద వేయడం కంటే, రెండు విడి తీగలు వేయడం మేలు. చూడ్డానికి ఒక తీగ ఎక్కువైనా సరే.

ఇంకొందరు గ్రాఫిక్స్ కార్డు తీగ అందకపోతే, డిస్కు తీగకు మార్పిడి ముక్క తగిలించి దానితో కార్డుకు కరెంటు ఇస్తారు. ఇదీ లెక్క వేద్దాం. సాటా పవర్ ప్లగ్గులో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కో పిన్ను మోయగలిగేది 1.5 ఆంపియర్లు. మొత్తం 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. కార్డు 6 పిన్నుల ప్లగ్గు నుంచి అడగగలిగేది 75 వాట్లు. ఎద్దు మోసే బరువు దూడ మీద వేసినట్టు కాదా?

ప్రాసెసర్ తీగ, గ్రాఫిక్స్ కార్డు తీగ – రెండింటికీ 8 పిన్నులే, చూడ్డానికి అక్కచెల్లెళ్ళు. కాని ఒకదానిలో 12 వోల్టుల వరస వున్న వైపు రెండోదానిలో గ్రౌండు వుంటుంది. పిన్నుల ఆకారాలు వేరుగా వుండడం వల్ల తప్పు ప్లగ్గు మామూలుగా దిగదు. దిగకపోతే బలం చూపించకూడదు. ఆగి, తీగ మీద రాసివున్నది చదవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటుంది. ఒక ఎస్సెంపీయెస్ తీగలను ఇంకో ఎస్సెంపీయెస్‌కు తగిలించకూడదు. తీగ రంగు బాగుందనో, పొడవు సరిపోయిందనో మార్చేవారున్నారు. మదర్ బోర్డు వైపు, డిస్కు వైపు ప్లగ్గులకు ప్రమాణం వుంది గాని, ఎస్సెంపీయెస్ వైపు ప్లగ్గుకు అందరూ పాటించే ప్రమాణం లేదు. ప్లగ్గు చక్కగా దిగుతుంది, కాని 5 వోల్టులు వెళ్ళవలసిన చోట 12 వోల్టులు వెళ్తాయి. మూడేళ్ళ ప్రాజెక్టు పని వున్న డిస్కు ఒక్క క్షణంలో బూడిద.

తీగలను మరీ బిగించి కట్టడం, ప్లగ్గు మొదట్లోనే మడత పెట్టడం, సాటా సమాచార తీగను కాగితం మడిచినట్టు మడవడం – ఇవన్నీ అద్దంలోంచి ముచ్చటగానే కనిపిస్తాయి. లోపల మాత్రం రాగిని, ప్లాస్టిక్‌ను నొప్పిస్తూనే వుంటాయి.

ఈ విద్య ఎక్కడిది?

తీగలు కట్టే విద్య కంప్యూటరువాళ్ళు కనిపెట్టింది కాదు. టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో, విమానాల్లో మైనం పూసిన దారంతో తీగలను వరసగా ముడివేసే పద్ధతి అంతకు ముందే వుంది. విమానంలో వేలకొద్దీ ముడులు చేత్తో వేయాలి, వేళ్ళు కోసుకుపోయేవి. ఆ బాధ చూసిన మారస్ లోగన్ అనే ఇంజనీరు 1958లో ఒక పట్టీ తయారు చేశాడు. ఒక కొసను రెండో కొసలో దూర్చి లాగితే బిగుస్తుంది, వెనక్కి రాదు. థామస్ అండ్ బెట్స్ అనే అమెరికన్ కంపెనీ ద్వారా అది మార్కెట్లోకి వచ్చింది. ఇవాళ మనం హార్డ్‌వేరు కొట్లో ట్యాగులని కొనే ప్లాస్టిక్ పట్టీల మూలపురుషుడు అదే.

తీగల పట్ల నిర్లక్ష్యం ఎంత దూరం పోగలదో 1967 జనవరి 27న తెలిసింది. అపోలో 1 అంతరిక్ష నౌకను నేల మీదనే పరీక్షిస్తుండగా మంటలు లేచి గ్రిసమ్, వైట్, చాఫీ అనే ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు. నిప్పురవ్వ ఖచ్చితంగా ఏ చోట పుట్టిందో విచారణ సంఘం తేల్చలేకపోయింది గాని, విద్యుత్ తీగ దగ్గర పుట్టివుండే అవకాశమే ఎక్కువని భావించింది. నౌకలో నింపివున్న స్వచ్ఛమైన ఆక్సిజన్ ఆ రవ్వను మంటగా మార్చింది. నౌక నిర్మాణంలో, తీగల అమరికలో వున్న లోపాలను ఆ సంఘం ఎత్తిచూపింది. మన బల్ల కింద పెట్టెకూ అంతరిక్ష నౌకకూ పోలిక లేదు, నిజమే. తీగకూ వేడికీ వున్న సంబంధం మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఒక చిన్న సూచన

ఈ వ్యాసం చదివిన మిత్రులు కొత్త పెట్టె బిగించినా, పాతది విప్పినా, రెండు పనులు అదనంగా చేస్తే బాగుంటుంది. ఒకటి, ప్రతి తీగ కొసనా చిన్న కాగితం ముక్క అంటించి అది ఎక్కడిదో రాయడం. రెండు, వెనక పలక లోపలి వైపు ఒక చీటీ అంటించడం: ఏ తేదీన బిగించారు, ఏ ఎస్సెంపీయెస్, ఏ తీగ ఎటు పోతుంది, ఆఖరుసారి దుమ్ము దులిపింది ఎప్పుడు. దీనికి పెన్నూ పావుగంటా చాలు. తీగలను తెలుగులోనే రాయవచ్చు. కరెంటుకు భాషాభేదం లేదు.

పని సరిగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష చెబుతాను. మీ పెట్టె ఎప్పుడూ చూడని జూనియర్ ఒకరిని పిలిచి, ‘‘రెండో హార్డ్ డిస్కు తీగ చూపించు తమ్ముడూ’’ అని అడగండి. ఇంకే తీగనూ కదపకుండా, ఒక్క నిమిషంలో చూపించగలిగితే మీరు సర్దినట్టు. అతను మీ ముఖం కేసి చూస్తే మాత్రం, మూత వేయకండి. పట్టీలు విప్పి మళ్ళీ మొదలుపెట్టండి.